గ్యాస్కెట్ కొత్తది, వేడి పాతదే

ఏప్రిల్ 21, 2024, ఆదివారం

బండి మళ్లీ కాగింది. మూఢం రాకముందే పెళ్లిళ్లన్నీ ముగించాలని అందరికీ తొందర కదా, అలాంటి పెళ్లికే కరీంనగర్ వెళ్లి వస్తున్నాం. ఎల్కతుర్తి దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. మా ఊరు హన్మకొండ చేరి నయీంనగర్ ట్రాఫిక్‌లో ఆగామో లేదో ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. రెండు నిమిషాలకు డాష్‌బోర్డులో ఎర్ర దీపం. పక్కకు తీసి ఆపేసి, నలభై నిమిషాలు చెట్టు కింద నిలబడ్డాం. పట్టుచీరల్లో ఉన్నవాళ్లు నా వైపు చూసిన చూపుల గురించి ఇక్కడ రాయను.

బండి 2013 వ్యాగన్ ఆర్, పెట్రోలు, ఇంకా ఏపీ 36 నంబరే. ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు పస్రా దాటాక జామ్‌లో మూడు గంటలు నత్తనడక నడిచి మొదటిసారి కాగింది. అప్పుడు మా బామ్మర్ది తువ్వాలు చుట్టి, ఇంజను నీళ్లు చల్లబడే రేడియేటర్ మూత తీయబోతే చెయ్యి పట్టుకుని లాగాను. తీసి ఉంటే మొహం కాలేది. చల్లారాక తాగే నీళ్ల సీసాలన్నీ అందులో పోసి ఎలాగో ఇల్లు చేరాం. తర్వాత ఊళ్లోనే ఒక గ్యారేజీలో ఇస్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్" అని ఇంజను విప్పి, వారం తర్వాత ఇచ్చారు. హెడ్ అంటే ఇంజను పైభాగం, దానికీ కింది భాగానికీ మధ్య బిగించే పలచని రేకే గ్యాస్కెట్. 16,500 అయింది. ఆ డబ్బుతో ఈ గొడవ తీరిందనుకున్నాను. మార్చిలో ఇల్లు, బడి తప్ప బండి ఎక్కడికీ తీయలేదు కాబట్టి ఏమీ తెలియలేదు.

ఏప్రిల్ 22

ఒంటిపూట బడి అయ్యాక నేరుగా గ్యారేజీకి. ఓనరు బానెట్ ఎత్తి ఒకసారి చూసి, "ఎండాకాలం సార్, పాత బండి, గట్లనే ఉంటది. రేడియేటర్ చోక్ అయినట్టుంది. కొత్తది ఏపిద్దాం, ఐదున్నర వేలైతది" అన్నాడు.

"మొన్న హెడ్ చేసినప్పుడు రేడియేటర్ చూడలేదా అన్నా?"

"అప్పుడు మంచిగనే ఉండె."

రెండు నెలల్లో పూడుకుపోయి చోక్ అయ్యే రేడియేటర్ ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఆలోచించి చెప్తానని వచ్చేశాను. ఇంటికొచ్చి పాత బిల్లు వెతికాను. తెల్లకాగితం మీద బాల్‌పెన్నుతో రాసింది. గ్యాస్కెట్ సెట్టు 3,200, హెడ్ ఫేసింగ్ (వంగిన హెడ్‌ను చదును చేయడం) 1,500, ఇంజనాయిలు ఫిల్టరు 2,100, కూలంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) 900, కూలీ 7,000, ఇతరాలు 1,800. జీఎస్టీ నంబరు లేదు, సంతకం లేదు. తీసిన పాత సామాను అప్పుడు అడగాలని నాకు తోచనే లేదు.

నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా ఎందుకు మరగవో ఏటా తొమ్మిదో తరగతికి చెప్పేవాణ్ని. నా బండి ముందు మాత్రం కుక్కర్లాంటిదే బిగించి ఉందని ఒక్కరోజూ ఆలోచించలేదు. ఎల్లుండి నుంచి సెలవులు. గ్యారేజీకి తిరిగి వెళ్లేలోపు, అసలు ఏం చేశారో, ఏం చేయలేదో నేనే తెలుసుకుంటాను.

ఏప్రిల్ 24

మొదటి రోజు ఏమీ విప్పలేదు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూశాను, అంతే. లోపల ఉన్నది కూలంట్ కాదు. తుప్పు రంగు నీళ్లు. తెల్ల కప్పులో కొంచెం తీసుకుంటే కషాయంలా ఉంది. వేలికి జిగురు లేదు, కూలంట్ రంగూ లేదు. తొమ్మిది వందల కూలంట్ పోసి ఉంటే ఆకుపచ్చో ఎరుపో ఏదో ఒక ఛాయ మిగలాలి కదా. హన్మకొండలో మా వీధి బోరు నీళ్లు గీజరు కాయిల్‌కు తెల్ల పొర ఎలా పట్టిస్తాయో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ నీళ్లే ఇందులోనూ పోసినట్టున్నారు.

మూత కింది రబ్బరు ఒకచోట తెగి ఉంది. మూత మీద 0.9 అని రాసి ఉంది. అంటే లోపల 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచాలి. అలా పట్టి ఉంచితే మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు తెగితే కుక్కర్ గ్యాస్కెట్ తెగినట్టే, వంద దగ్గరే పొంగుతుంది. ఇంజను మొత్తం విప్పినవాళ్లు 250 రూపాయల మూత మార్చలేదు.

ఏప్రిల్ 26

ఎర్ర దీపం వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. నాకు అంకె కావాలి. స్టీరింగు కింద పెడితే ఇంజను కంప్యూటర్ నుంచి అంకెలు చదివే ఓబీడీ డాంగిల్ 750 పెట్టి తెప్పించాను. ఫోనుకు కలిపితే ఇంజను నీళ్ల వేడి డిగ్రీల్లో కనిపిస్తుంది.

తెల్లారుజామున ములుగు రోడ్డు మీద 70 స్పీడులో నడిపితే 64, 66, 65. ఎంత దూరం పోయినా 68 దాటలేదు. ఇది విచిత్రం. వేడెక్కిన ఇంజను ఎనభై పైన ఉండాలి. తిరిగొచ్చి పోచమ్మ మైదాన్ దగ్గర కావాలనే రద్దీలో దూరాను. 78, 85, 93, 99. 103 కాగానే ఆపేశాను. ఈ సేపంతా ఏసీ వేసే ఉంది, ఏసీ వేస్తే తిరగాల్సిన రేడియేటర్ ఫ్యాన్ చప్పుడు ఒక్కసారి కూడా వినిపించలేదు.

హైవే మీద చలి, సిగ్నల్ దగ్గర జ్వరం. రెండూ ఒకే బండిలో ఉంటే జబ్బులు కూడా రెండు ఉండాలి.

ఏప్రిల్ 27

పక్కింటి కాకా ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. గోడ మీదుగా చూసి, "ఏం పని పెట్టుకున్నవ్ సారూ?" అంటూ లుంగీ ఎగ్గట్టి వచ్చేశాడు. నేను చెప్పినదంతా విని, "ముందు ఫ్యాన్ జూడు. దాన్నొదిలి ఇంజను విప్పెటోడు మెకానిక్ కాడు" అన్నాడు.

ఫ్యాన్ వైర్లు కలిసే కప్లర్ ఊడదీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాం. రయ్యిమని తిరిగింది. మోటారు బాగుంది. ఫ్యూజు మల్టీమీటరు పెట్టి చూస్తే అదీ బాగుంది. ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి వదిలేశాం. ఫ్యాన్ ఉలకదు పలకదు. బానెట్ కింది ఫ్యూజు పెట్టెలో ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చులాంటి రిలే ఉంటుంది. కాకా స్క్రూడ్రైవర్ పిడితో దాని నెత్తి మీద టక్కుమని ఒకటి కొట్టాడు.

ఫ్యాన్ తిరిగింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరగలేదు. కొడితే తిరిగింది. ఐదుసార్లు చేస్తే మూడుసార్లు తనంతట తనే తిరిగింది, రెండుసార్లు దెబ్బ పడితేగానీ కదలలేదు. పక్కనే అదే సైజున్న ఇంకో రిలే తీసి ఇందులో పెడితే ప్రతిసారీ తిరిగింది. పాత రిలే డబ్బా విప్పి చూశాను. లోపల రెండు చిన్న లోహపు చుక్కలు కలిస్తేనే కరెంటు పోవాలి. అవి కాలి నల్లబడి, గుంటలు పడి ఉన్నాయి. ఒక్కోసారి అంటుకుంటాయి, ఒక్కోసారి అంటుకోవు.

మేడారంలో ఏం జరిగి ఉంటుందో అప్పుడు అర్థమైంది. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. జామ్‌లో నిలబడితే ఫ్యాన్ తప్ప దిక్కు లేదు. రిలే సమయానికి అంటుకోలేదు. మూత రబ్బరూ అప్పటికే తెగి ఉంటే ఇక పొంగక ఏమవుతుంది? హన్మకొండ ఎలక్ట్రికల్ షాపులో కొత్త రిలే 280. బిగించాక వాకిట్లోనే ఆన్‌లో పెట్టి చూశాను. 97 దగ్గర ఫ్యాన్ మొదలైంది, 92 దగ్గర ఆగింది. మళ్లీ 97, మళ్లీ 92. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

అయితే కోపం కూడా అప్పుడే మొదలైంది. 280 రూపాయల వస్తువు కోసం 16,500 గుంజారా? అసలు హెడ్ పోయిందా, లేక పోయిందని చెప్పారా?

ఏప్రిల్ 29

హైవే మీది చలి సంగతి. ఇంజను నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వు ఉండే డబ్బాకు రెండు బోల్టులు. నీళ్లు దించి విప్పాను. లోపల ఏమీ లేదు. వాల్వు ఉండాల్సిన చోట ఖాళీ.

కాకా నవ్వాడు. "తీసి పారేసిండ్రు. మా దిక్కు ఎండలకు అది అక్కెరలేదంటరు చానమంది. లారీలకు గట్లనే తీస్తుండె పాత రోజుల్ల."

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఈ వాల్వు నీళ్లను రేడియేటర్ వైపు పోనీయదు. తొందరగా వేడెక్కనిస్తుంది. ఎనభై దాటాక తెరుచుకుంటుంది. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరుగుతాయి, రోడ్డు మీద పోతున్నంతసేపూ ఇంజను సరైన వేడికి రాదు. ఇంజను ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఫిబ్రవరి ముందు లీటరుకు 17 ఇచ్చే బండి ఏప్రిల్‌లో 13 ఎందుకు ఇస్తోందో తెలిసింది. ఏసీ వాడకం ఎక్కువైందని ఇన్నాళ్లు మా ఆవిడను అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

తీసినవాడికి అది ఒక ఉపాయం అనిపించి ఉండొచ్చు. కాగకుండా ఉండాలంటే అడ్డం తీసేస్తే సరి అని. కానీ నాకు చెప్పలేదు, కాగితం మీద రాయలేదు.

మే 1

కొత్త వాల్వు 620. దాని మీద 82 అని ముద్ర. బిగించే ముందే పరీక్షించాలనుకున్నాను. ఎవరినీ నమ్మే స్థితిలో లేను. స్కూలు ల్యాబ్ థర్మామీటరు హెడ్మాస్టర్‌ను అడిగి తెచ్చాను. స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, అడుగు తగలకుండా వాల్వును దారంతో వేలాడదీసి, స్టవ్వు సన్నమంట మీద పెట్టాను. 80 దాకా బిగుసుకునే ఉంది. 83 దగ్గర సన్నని గీతలా తెరుచుకుంది. 90కి సగం. 95కి పూర్తిగా తెరుచుకుంది. స్టవ్వు ఆపాక దానంతట అదే మూసుకుంది. నీళ్లు మరిగింది 99 దగ్గర. మా ఊరు సముద్రమట్టానికి రెండొందల అరవై మీటర్లకు పైనే ఉంది కాబట్టి ఆ ఒక్క డిగ్రీ తగ్గాలి, తగ్గింది. పిల్లలకు చూపిద్దామని వీడియో తీశాను.

మా ఆవిడ వచ్చి చూసి, "ఆ గిన్నె ఇగ మీ బండికే ఉంచుకోండి" అంది. ఉంచుకున్నాను.

మే 3

బిగింపు రోజు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగాను, మూడోసారికి నీళ్లు తేటగా వచ్చాయి. వాల్వు మీద గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది, అది పైకి ఉండేలా కూర్చోబెట్టాను. కొత్త మూత. నేరుగా పోసుకునే రకం కూలంట్ నాలుగు లీటర్ల డబ్బా 1,100, అందులో మూడున్నర పట్టింది. ముందు చక్రాలు మా గేటు ర్యాంపు మీదికి ఎక్కించి, బండి ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి, హీటరు పూర్తి వేడి మీద పెట్టి, మూత లేకుండానే స్టార్ట్ చేశాను. లోపల చిక్కిన గాలి గుడగుడమంటూ పదిహేను నిమిషాలు బయటికి వచ్చింది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక మట్టం సరిచూసి మూత పెట్టేశాను. బయట 43 ఎండ. కారులో హీటరు. నేను లోపల. దీని గురించి ఇంతకంటే రాయను.

సాయంత్రం మడికొండ దాకా వెళ్లొచ్చాను. రోడ్డు మీద 84-86, కాజీపేట రద్దీలో 96 దాటలేదు.

మే 6

బండిలోని కూలంట్ సీసాలో మట్టం వేలెడు తగ్గింది. గుండె జారింది. హెడ్ గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి, లేదా సిలిండర్ వాయువు నీళ్లలోకి వస్తుంది. ఆయిలు మూత తిప్పి చూశాను, మజ్జిగలాంటి నురగ లేదు. పొద్దున స్టార్టింగులో తెల్లపొగ లేదు. అయినా అనుమానం తీరలేదు. కాకా శిష్యుడి దగ్గర నీలం ద్రవంతో పరీక్షించే గొట్టం ఉంటే తెప్పించాడు. రేడియేటర్ నోటికి పెట్టి, పైన బుడ్డి నొక్కుతూ లోపలి గాలిని ఆ ద్రవంలోంచి లాగాలి. ఇంజను పొగ కలిస్తే నీలం పసుపవుతుంది. పది నిమిషాలు లాగాం. నీలం నీలంగానే ఉంది.

మరి నీళ్లు ఎటు పోతున్నాయి? బండి కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే నాలుగు ఆకుపచ్చ చుక్కలు, సరిగ్గా రేడియేటర్ కింది రబ్బరు హోసు మూలన. అక్కడ అసలు బిగువైన స్ప్రింగు క్లిప్పు ఉండాలి, దాని బదులు స్క్రూ క్లిప్పు వేశారు, అదీ వంకరగా. కొత్త క్లిప్పులు రెండు 80 రూపాయలు. హెడ్ మీద మూతలా ఉండే ట్యాపెట్ కవరు దగ్గర ఒక బోల్టు లేనేలేదని కూడా అప్పుడే కనిపించింది. దాని బదులు సిలికాన్ ధారాళంగా పూసి ఉంది.

మే 14

రెండు రోజులు ఎలక్షన్ డ్యూటీ. బండి ముట్టలేదు.

మే 15

గ్యారేజీకి పోయేముందు ఒక విషయం తేల్చుకోవాలనిపించింది. బిల్లులో ఫేసింగ్ 1,500 ఉంది కదా. హెడ్ నిజంగా లోహపు పనులు చేసే లేత్‌కు పోయిందా? ఆటోనగర్‌లో ఆ గ్యారేజీవాళ్లు పని ఇచ్చే లేత్ ఏదో కాకా కనుక్కున్నాడు. అబద్ధం దొరుకుతుందని, నిజం చెప్పాలంటే, కొంచెం ఉత్సాహంగానే వెళ్లాను.

లేత్ పెద్దమనిషి పాత నోటుబుక్కు తిరగేశాడు. "వ్యాగన్ ఆర్ కదా సార్. ఫిబ్రవరి ఇరవై ఏడు. పాయింట్ జీరో ఎయిట్ వంగింది. ఫేసింగ్ కొట్టి ఇచ్చినం."

0.08 మిల్లీమీటర్లు. ఇంత చిన్న అల్యూమినియం హెడ్ అంత వంగితే గ్యాస్కెట్ నిలవదు. అంటే హెడ్ పోవడం నిజమే. గ్యాస్కెట్ మార్చడం అవసరమే. నన్ను మోసం చేశారని పద్దెనిమిది రోజులుగా మనసులో కట్టుకున్న కేసులో సగం అక్కడే కూలిపోయింది. కాగడం వల్ల హెడ్ వంగింది. వంగినదాన్ని బాగు చేశారు. ఎందుకు కాగిందో మాత్రం చూడలేదు. తిరుగుదారిలో గ్యారేజీలో మాట్లాడాల్సిన మాటలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

మే 16

వెళ్లేముందు 1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేసి వివరాలు కనుక్కున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రిపేరు కూడా సేవే, దానిలో లోపం ఉంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టంలో తప్పే. ఇదంతా చేతిలో ఉంచుకున్నాను గానీ మొదటే బల్ల మీద పెట్టలేదు.

కాలిన రిలే, తెగిన మూత, తుప్పు నీళ్ల సీసా, ఫోనులో అంకెల ఫొటోలు. వరసగా పెట్టాను. హెడ్ పని బాగా చేశారని, లేత్‌లో కనుక్కున్నానని ముందుగా చెప్పాను. ఓనరు మొహం కొంచెం తేలికపడింది. తర్వాత రిలే చూపించాను.

"ఫ్యాన్ తిరిగింది సార్, నేనే చూసిన" అన్నాడు.

"నిజమే అన్నా, ఒక్కోసారి తిరుగుతది. ఒక్కోసారి తిరగది." కొట్టి చూపించడానికి రిలే విప్పేశాను కదా, నల్లబడిన చుక్కలు చూపించాను. అతను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

వాల్వు గురించి అడిగితే, "గది తీస్తేనే మంచిది సార్ మన ఎండలకు" అన్నాడు. 64 డిగ్రీల ఫొటో, 13 మైలేజీ చూపించాను. ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. కూలంట్ దగ్గర మాత్రం గొంతు పెంచాడు, పోసినమని. సీసా మూత తీసి ముందు పెట్టాను. అప్పుడు లోపల పనిచేసే పిల్లగాణ్ని పిలిచాడు. వాడు తల వంచుకుని, "ఆ రోజు కూలంట్ అయిపోయింది సేటు, తెల్లారి పోద్దామనుకున్న" అన్నాడు. వాడికి పదిహేడేళ్లు ఉంటాయేమో. నా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లల్లా ఉన్నాడు. ఆ తర్వాత నేను కొంచెం మెత్తబడ్డాను, అది నా బలహీనత.

కూలంట్ 900, "ఇతరాలు" 1,800, వాల్వు 620, మొత్తం 3,320 అడిగాను. ఇతరాలు ఏమిటో అతనూ చెప్పలేకపోయాడు. గంటన్నర చాయ్‌ల తర్వాత 2,500 ఇచ్చాడు. డబ్బుకన్నా నాకు ముఖ్యమైనది కాగితం. ముద్ర వేసి, తేదీ వేసి, పార్టులన్నీ విడివిడిగా రాసి, హెడ్ పనికి ఆరు నెలల గ్యారంటీ అని సంతకం చేసిన బిల్లు తీసుకున్నాను. 1915 మాట ఎత్తాల్సి వచ్చింది ఆ సంతకం దగ్గరే, ఒక్కసారి.

నా ఖర్చు డాంగిల్‌తో కలిపి 3,080. ఇంకా 580 నష్టమే. కాకా మాత్రం ఏమీ తీసుకోనన్నాడు, వాళ్ల మనవడికి సెలవులైపోయేదాకా లెక్కలు చెప్పమన్నాడు.

జూన్ 1

ములుగు మీదుగా పస్రా దాకా. జాతర లేదు, జామ్ లేదు, అందుకే పస్రా సెంటర్లో బండి ఆపి, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో ఇరవై నిమిషాలు ఇంజను ఆపకుండా ఐడిల్‌లో ఉంచాను. చాయ్ హోటల్ ఆయన బయటికి వచ్చి, "బండి ఖరాబైందా సార్?" అని అడిగాడు. కాలేదని చెప్పడానికే ఆగానంటే వింతగా చూశాడు. 97, 92, 97, 93, 97, 92. మైలేజీ ఈ ట్యాంకుకు 16.4.

ట్యాపెట్ కవరు బోల్టు ఇంకా దొరకలేదు. షాపులో ఇచ్చినది రెండు మిల్లీమీటర్లు పొడుగు. రేపు మళ్లీ ఆటోనగర్.